మెదడులోకి సూది దించాలంటే అట్లాస్ మేలా, ఎమ్మారై మేలా?

ప్రయోగశాలలో జంతువు మెదడులోని చిన్న చోటికి సూది గానీ ఎలక్ట్రోడ్ గానీ చేర్చాలి. పైకి కనిపించేది పుర్రె ఒక్కటే. సూది ఒక మిల్లీమీటరు పక్కకు పోయినా ఆ జంతువును అనవసరంగా బాధపెట్టినట్టే. అందుకే ఏ పద్ధతి ఎంచుకుంటామన్నది నాకు ఖర్చు లెక్క మాత్రమే కాదు.

పాత దారి 1908లో హార్స్‌లీ, క్లార్క్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు చూపించినది. తలను ఫ్రేములో కదలకుండా బిగించి, మూడు వైపుల కొలతలతో చోటు పట్టుకుంటారు. ఎలుకలో పుర్రె ఎముకలు కలిసే బ్రెగ్మా దగ్గర సున్నా పెట్టుకుంటారు. అక్కణ్ణుంచి ముందుకో వెనక్కో ఎంత, పక్కకెంత, లోతెంత అన్నది అట్లాస్, అంటే కొలతలతో గీసిన మెదడు పటాల పుస్తకం, చెబుతుంది. ఒకే జాతి, ఒకే వయసు ఎలుకల మెదళ్లు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ లెక్క కుదురుతుంది. పెద్ద ఎలుకల అట్లాస్‌ను పిల్ల ఎలుకలకు వాడితే మాత్రం గురి తప్పుతుంది. తల కాస్త వంగినా అంతే.

కోతుల దగ్గర ఈ లెక్క నమ్మలేం. ఒక్కోదాని మెదడు ఒక్కో తీరు. అందుకని ముందుగా ఆ కోతికే ఎమ్మారై తీస్తారు. తలమీద విటమిన్ ఇ గొట్టం మాత్రల్లాంటి గుర్తులు పెడితే స్కాన్‌లో తెల్లగా వెలుగుతాయి, వాటిని బట్టి దారి గీస్తారు. రక్తనాళాలు కూడా కనిపించేలా స్కాన్ తీస్తే వాటిని తప్పించుకుని వెళ్లొచ్చు. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద లాభం అనిపిస్తుంది. మత్తు అదనంగా ఇవ్వాల్సి రావడం దీని నష్టం. పైగా పుర్రె తెరిచాక ద్రవం కారి మెదడు కొద్దిగా జరగొచ్చు.

స్కానర్‌లోనే సూది దించే మూడో దారీ ఉంది. మందులో గడోలినియం అనే, స్కాన్‌లో వెలిగే పదార్థం కలిపితే అది ఎంతవరకు పాకిందో, సూది వెంట వెనక్కి వస్తోందో అప్పటికప్పుడు తెలుస్తుంది. స్కానర్‌లో బలమైన అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనుప పనిముట్లు పనికిరావు, ఖర్చూ ఎక్కువే. అయినా కోతుల్లో జన్యు చికిత్స వైరస్‌లాంటివి (కణాల్లోకి జన్యువును మోసుకెళ్లేవి) ఎక్కించేటప్పుడు నేను దీనికే ఓటేస్తాను.

మామూలు ఎలుక ప్రయోగానికి అట్లాసే చాలు. కాకపోతే అసలు పని మొదలుపెట్టే ముందు ఒకదానిలో రంగు ఎక్కించి, మెదడును పలుచటి పొరలుగా కోసి, సూది ఎక్కడ దిగిందో మైక్రోస్కోపు కింద చూడాలి. తేడా ఉంటే మిగతావాటికి కొలత సరిచేసుకోవచ్చు.