ప్రీఫిల్డ్ సెలైన్ ఫ్లష్ సిరంజి: స్టాఫ్ నర్సుగా నా రివ్యూ

మా వార్డులో బీడీ (BD) కంపెనీ వాళ్ళ పోసిఫ్లష్ వాడుతున్నాం, అంటే నార్మల్ సెలైన్ ముందే నింపి సీల్ చేసి వచ్చే సిరంజి. మందు కోసం నరంలో పెట్టిన కాన్యులా గొట్టం (అదే లైన్) మూసుకుపోకుండా సెలైన్‌తో కడగడమే ఫ్లష్. నాకు బాగా నచ్చింది, ముఖ్యంగా చిన్నపిల్లలకీ, నరం దొరకని పెద్దవాళ్ళకీ. యాంటీబయాటిక్ 12 గంటలకోసారి ఇస్తున్నామనుకోండి, మధ్యలో కాన్యులా ఊరికే ఉంటుంది కదా, ఆ టైంలోనే కొనలో రక్తం గడ్డకట్టి లైన్ బ్లాక్ అవుతుంది. పసుపు రంగు 24 గేజ్, అంటే బాగా సన్నటి కాన్యులా అయితే మరీ తొందరగా పోతుంది. ఇక మళ్ళీ గుచ్చాలి, "సిస్టర్, ఇంకో చేతికి కూడానా" అని వాళ్ళమ్మ అడుగుతుంటే మనకీ ప్రాణం ఉసూరుమంటుంది.

దీంట్లో అసలు గొప్ప ప్లంజర్‌ది, అంటే వెనకనుంచి నొక్కే కడ్డీది. మామూలు సిరంజిని చివరిదాకా నొక్కితే రబ్బరు అణిగి, వేలు తీయగానే కాస్త వెనక్కి లేస్తుంది, ఆ కాస్తకే రక్తం కాన్యులా కొనలోకి వచ్చేస్తుంది. అందుకే మామూలు సిరంజితో అయితే చివర్లో అర ఎంఎల్ సిరంజిలోనే వదిలేసి, గొట్టాన్ని నొక్కి మూసే క్లాంప్ వేస్తాం. దీని ప్లంజర్‌ని అలా వెనక్కి లేవకుండా తయారుచేశారు. కొత్తవాళ్ళకి ఒక మాట, క్యాప్ తీయకముందే ప్లంజర్‌ని ఒకసారి నొక్కి బిగువు వదిలించాలి, తర్వాత క్యాప్ తీసి గాలి బయటికి పంపాలి.

అయితే సిరంజి మంచిదైనంత మాత్రాన లైన్ నిలవదండీ, చేసే పద్ధతి ఉండాలి. మందుకి ముందు ఫ్లష్, తర్వాత ఫ్లష్. ఒక్కసారిగా తోసేయకుండా కొంచెం నొక్కి ఆగి, మళ్ళీ కొంచెం నొక్కి ఆగి ఇస్తే లోపలి గోడలకి అంటుకున్నది కూడా కడుక్కుపోతుంది. కాన్యులాకి ఎక్స్‌టెన్షన్ గొట్టం తగిలించి ఉంటే చివరి చుక్కలు ఇస్తూనే క్లాంప్ వేసేయాలి. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన లైన్లోనే కాల్షియం ఇవ్వాల్సి వస్తే మధ్యలో ఫ్లష్ తప్పనిసరి, రెండూ కలిస్తే పొడిలా గడ్డకడతాయి, నెలలోపు పసిపిల్లలకైతే మధ్యలో ఫ్లష్ చేసినా సరే ఆ రెండూ అసలు వాడకూడదు.

హెప్‌లాక్ అలవాటు, అంటే సెలైన్ బదులు రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందుని లైన్లో నింపి ఉంచడం, ఇంకా చాలాచోట్ల ఉంది. పెద్దవాళ్ళ చేతి కాన్యులాకి సెలైన్ చాలు, హెపారిన్ అక్కర్లేదు. మన దగ్గర దొరికే 5 ఎంఎల్ హెపారిన్ వయల్‌లో 25,000 యూనిట్లు ఉంటాయి, దాన్ని ఎంఎల్‌కి 10 యూనిట్లకి పల్చన చేసేటప్పుడు ఒక్క సున్నా తేడా వస్తే ఏంటి పరిస్థితి? 2006లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఎంఎల్‌కి 10 యూనిట్ల హెపారిన్ వయల్ బదులు 10,000 యూనిట్లది వాడేసి ముగ్గురు పసికందులు చనిపోయారు. తర్వాతి ఏడాదే లాస్ ఏంజిలిస్‌లో కవలలకి అదే పొరపాటు జరిగింది, దేవుడి దయవల్ల బతికారు. ఇది తలుచుకున్నప్పుడల్లా సెలైనే మేలనిపిస్తుంది నాకు.

ఇంకో లాభం, ఒక సెలైన్ బాటిల్‌కి సూది గుచ్చి వదిలేసి వార్డంతటికీ అందులోంచే లాగడం ఆగిపోతుంది. అది ఎంత ప్రమాదమో తెలిసి కూడా బిజీ డ్యూటీలో చేసేస్తుంటారు, ఒకరి ఇన్ఫెక్షన్ పదిమందికి అంటుకునే దారి అది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి కదా. ఇందులో మందు కలిపి ఇవ్వొద్దు, బయట లేబుల్ సెలైన్ అనే ఉంటుంది, పక్కన పెడితే ఇంకొకరు ఉత్త ఫ్లష్ అనుకుని ఇచ్చేస్తారు. మిగిలింది దాచి రెండోసారి వాడొద్దు, అదే పేషెంట్‌కైనా సరే. పోసిఫ్లష్ మామూలు రకంలో లోపలి సెలైన్ మాత్రమే స్టెరైల్ (క్రిములు లేనిది), సిరంజి పైభాగం కాదు, కాబట్టి స్టెరైల్ ట్రేలో పెట్టకండి. నొక్కితే వెళ్ళకపోతే బలవంతం చేయొద్దు. చిన్న సిరంజి తెచ్చి ఇంకా గట్టిగా తోసేవాళ్ళున్నారు, దాంతో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది తప్ప ఉపయోగం లేదు. నొప్పి, వాపు, ఎరుపు ఉంటే కాన్యులా తీసేయడమే.

రేటు మాత్రం ఎక్కువే, సెలైన్ యాంప్యూల్ (ఒక్కసారి వాడే చిన్న బుడ్డి), సిరంజి, సూది విడిగా కొన్నదానికంటే చాలా ఎక్కువ, పైగా బిల్లులో పేషెంట్‌కే పడుతుంది. రెండ్రోజుల్లో డిశ్చార్జ్ అయ్యేవాళ్ళకి విడి యాంప్యూల్‌తో శుభ్రంగా చేస్తే సరిపోతుంది. ఇంటికి నర్సు వచ్చి ఇంజెక్షన్లు చేస్తున్నవాళ్ళు, పిల్లలకి వారం పైన యాంటీబయాటిక్ నడుస్తున్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగి తెప్పించుకోండి. 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటీ తగ్గించింది రేటుకే.