స్వాతికిరణమా, ‘ఎ లేట్ క్వార్టెట్’ సినిమానా?

త్యాగరాజ ఆరాధనకి నెల్లూరులో రిహార్సల్స్ అయ్యాక టీ దగ్గర ఒకటే ప్రశ్న. “అన్నా, సంగీతం వాళ్ళ మనస్పర్థల మీద సినిమా అంటే ఏది చూడమంటావ్? స్వాతికిరణమా, ఆ ఇంగ్లీషుదా?” ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక రాసేస్తున్నా.

పాటల్లో అయితే పోటీయే లేదు. 1992లో వచ్చిన విశ్వనాథ్ గారి సినిమాకి మహదేవన్ బాణీలు, కుర్రాడికి వాణీ జయరాం గొంతు, గురువుకి మన బాలు గొంతు. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసిన మనిషి ఆయన. నెల్లూరులో కూర్చుని ఆయన పాటని తక్కువ చేస్తే టీ కూడా పుట్టదు. నలుగురు కలిసి వాయించే ఒక తీగవాద్య బృందం మీద 2012లో యారోన్ జిల్బర్‌మన్ తీసిన క్వార్టెట్ సినిమా చూసి లేచాక కూనిరాగం తీయడానికి ఏమీ మిగలదు.

అయినా నా ఓటు దానికే. ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా నాది పక్కవాద్యం. స్వాతికిరణంలో శిష్యుడి మీద గురువు అనంతరామశర్మకున్న అసూయని మమ్ముట్టి కళ్ళలో చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. కానీ గురువూ శిష్యుడూ ఇద్దరూ పాటగాళ్ళే, వేదిక మధ్యలో కూర్చునేవాళ్ళే. పక్కన కూర్చున్నవాడి కథ కాదది.

క్వార్టెట్‌లో ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ వేసిన రాబర్ట్ పాతికేళ్ళుగా రెండో వయొలిన్, అంటే మొదటి వయొలిన్‌కి తోడుగా వాయించేవాడు. చెల్లో అనే పెద్ద తీగవాద్యం వాయించే పీటర్‌కి చేతులు వణికించే పార్కిన్సన్స్ జబ్బని తేలి బృందం బెంబేలెత్తిపోయి ఉన్నప్పుడు, మొదటి వయొలిన్ అప్పుడప్పుడు నేనూ వాయిస్తానంటాడు. అదే బృందంలో వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) వాయించే అతని భార్య కూడా అతని వైపు మాట్లాడదు. అక్కడ సినిమా ఆపేసి కాసేపు మిద్దె మీదికి వెళ్ళా. ఒక కచేరీ కరపత్రంలో నా పేరు వేయకుండా ‘వయొలిన్ సహకారం’ అని మాత్రం వేశారు. నేను అడగలేదు. అడిగినవాడికి ఏమవుతుందో ఇందులో చూశా.

వాళ్ళు వాయించేది బీథోవెన్ 131వ కృతి. ఏడు భాగాలు, దాదాపు 40 నిమిషాలు, మధ్యలో ఆపకూడదు. తీగలు జారినా సరిచేసుకునే వీలుండదు. మనకైతే కీర్తన అయ్యాక బిరడా తిప్పుకోవచ్చు, మృదంగం ఆయన రాయితో నాలుగు దెబ్బలు వేసుకోవచ్చు. ఆ ఆపకూడనిదాన్ని చివర్లో పీటరే ఆపేస్తాడు. ఇక తన వల్ల కాదని సభకి చెప్పి, తన కుర్చీ ఇంకొకరికి ఇచ్చి లేచిపోతాడు. స్వాతికిరణంలో గురువుకి అడ్డు ఉండకూడదని పసివాడు ప్రాణమే తీసుకుంటాడు. నాకు పెద్దాయన లేచిపోవడమే నచ్చింది.

క్వార్టెట్‌లో నచ్చనిదీ ఉంది. మొదటి వయొలిన్ డేనియల్‌కీ రాబర్ట్ కూతురికీ నడిపిన ప్రేమ టీవీ సీరియల్ సరుకు. పిల్లల్ని పక్కన పెట్టుకుని చూసే సినిమా కాదు. ఆ మాటకొస్తే సంగీతం నేర్చుకునే పిల్లలకి స్వాతికిరణం ముగింపు కూడా ఆలోచించే చూపించాలి.

‘అభిమాన్’, ‘సింధుభైరవి’ సంగతీ అడుగుతున్నారు. రెండూ సంసారం గొడవలు. పాటలు వింటే చాలు.

ఈ ఆదివారం మా ఇంట్లోనే అందరం కూర్చుంటున్నాం. మృదంగం ఆయన స్వాతికిరణమే అని పట్టుబట్టాడు. రిమోట్ మాత్రం నా దగ్గరే ఉంటుంది.