మొక్కల సారాల్లో రొయ్యకేది, చేపకేది?

ఐసులో నిలవుంచే రొయ్యలు, చేపలు త్వరగా చెడకుండా గ్రీన్ టీ సారం మేలా, రోజ్‌మేరీ అనే సువాసన మొక్క సారమా, లవంగ నూనెనా అని చాలామంది అడుగుతున్నారు. ముందు తేల్చుకోవాల్సింది, మీ సరుకు మొదట ఎలా చెడుతోందన్నది. తలతో ఉన్న రొయ్యకి నల్లమచ్చ, కానాగంతల్లాంటి కొవ్వు చేపలకి కొవ్వు ముక్కిన వాసన, కొవ్వు తక్కువ చేపలకి బ్యాక్టీరియా తెచ్చే జిగురు.

రొయ్యకి గ్రీన్ టీ సారమే అంటాను. నల్లమచ్చ తెచ్చేది బ్యాక్టీరియా కాదు, రొయ్యలోనే ఉండే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్. ఐసులో నెమ్మదిస్తుందే గానీ ఆగదు. తల దగ్గర మొదలై తోకవైపు పాకుతుంది. ఆ ఎంజైమ్‌కి రాగి లేనిదే పని జరగదు, టీలోని కాటెచిన్లు అనే పదార్థాలు ఆ రాగిని పట్టేసుకుంటాయి. సల్ఫైటు అనే నిల్వ రసాయనం కూడా మచ్చని ఆపుతుంది గానీ ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి అది ప్రమాదం.

లీటరు నీళ్లకి 1 నుంచి 5 గ్రాముల సారం పొడి కలిపి, కిలో రొయ్యకి 2 లీటర్ల లెక్కన 15 నుంచి 30 నిమిషాలు ముంచాలి. నీళ్లు 4 డిగ్రీలు దాటకూడదు. పట్టిన వెంటనే ముంచితేనే ఫలితం, వచ్చేసిన మచ్చ పోదు. పత్రహరితం తీయని సారమైతే పెంకుకి పచ్చరంగు అంటుతుంది. ఇనప డ్రమ్ములో కలిపారో, టీలోని టానిన్లు (వగరు పదార్థాలు) ఇనుముతో కలిసి నీళ్లన్నీ సిరాలా నల్లబడతాయి. స్టీలు తొట్టే వాడండి.

కొవ్వు చేపల్ని గడ్డకట్టించి నెలల తరబడి ఉంచాలంటే మాత్రం రోజ్‌మేరీదే పైచేయి. మైనస్ 18 డిగ్రీల్లో బ్యాక్టీరియా పెరగదు, కొవ్వు ఆక్సీకరణ, అంటే ముక్కిపోవడం మాత్రం సాగుతూనే ఉంటుంది. రోజ్‌మేరీలోని కార్నోసిక్ ఆమ్లం కొవ్వులో కరిగేది కాబట్టి నేరుగా అక్కడికే చేరుతుంది. అదే కారణంగా మామూలు నీళ్లలో కలవక పైన తేలుతుంది. ముంచడానికైతే నీళ్లలో కలిసే రకం కొనాలి. చేప కైమాలో కలిపినప్పుడు అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. మోతాదు మించితే మందు వాసన.

లవంగ నూనెలోని యూజినాల్ అనే పదార్థం జిగురు తెచ్చే బ్యాక్టీరియా మీద గట్టిగానే పనిచేస్తుంది. చిక్కల్లా, పనిచేసే మోతాదుకి వాసన కూడా తెలిసిపోతుంది. మసాలా పట్టించి అమ్మే ముక్కలకైతే ఇబ్బంది లేదు.

దానిమ్మ తొక్క, ద్రాక్ష గింజల సారాల్లోనూ టీలోని కాటెచిన్ల జాతి పదార్థాలే (పాలీఫినాల్స్) ఉంటాయి. కాకపోతే తెల్లటి కండకి రంగు పట్టిస్తాయి.

వీటిలో ఏదీ ఐసుకి బదులు కాదు. చేపలో అప్పటికే తయారైన హిస్టమిన్ అనే విషపదార్థాన్ని ఏ సారమూ తీసేయలేదు. వాక్యూమ్ ప్యాక్ చేసిన పచ్చి చేపని, సారం పట్టించినా సరే, 3 డిగ్రీల లోపే ఉంచాలి. గాలి లేనిచోట పెరిగి విషం తయారుచేసే బోటులినమ్ బ్యాక్టీరియాలో కొన్ని రకాలు 3 డిగ్రీలు దాటితే చాలు, ఆ చలిలో కూడా పెరుగుతాయి.