కొలతల పుస్తకం, గళ్ళ పుస్తకం, డైరీ: 21 ఏళ్ళు వాడాక

2004లో మిషను పెట్టుకున్నప్పుడు దానితోపాటు రెండే కొన్నాను. ఒకటి కత్తెర, రెండోది 200 పేజీల లాంగ్ నోటుబుక్కు. కత్తెర మూడుసార్లు మారింది. పుస్తకాలు 23 అయ్యాయి, ఒక్కటీ పారెయ్యలేదు. నరసాపురానికి ఎగువన, వశిష్ఠ గట్టుకి ఏటివైపున మా ఇల్లు. జాకెట్లు కుడతాను, తీరిక దొరికితే లేసు అల్లుతాను. ఎలాంటి పుస్తకం కొనాలి పిన్నీ అని పని నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. నా చేతిలో నలిగినవాటి గురించే చెబుతాను.

ముందు డైరీ సంగతి. తేదీలు అచ్చువేసిన డైరీ ఏటా జనవరిలో ఎవరో ఒకరు ఇస్తారు. ఐదేళ్ళు మనసుపెట్టి ప్రయత్నించాను. సంక్రాంతి దాకా బాగానే నిండేది. మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యాక రాత్రి పదకొండింటికి మిషను మీంచి లేస్తే ఇంకేం రాస్తాం? నాలుగు ఖాళీ పేజీలు కనపడితే ఐదోరోజు రాయబుద్ధి కాదు. అదే మూఢం వచ్చి పని లేకపోతే రోజుకి రెండు పేజీలు రాయాలనిపిస్తుంది, చోటుండదు. మా పని ముహూర్తాలను బట్టి నడుస్తుంది. డైరీ మాత్రం పెళ్ళిరోజుకీ తీరిక రోజుకీ అదే ఒక్క పేజీ ఇస్తుంది. తేదీ లేని రూళ్ళ పుస్తకం కొనుక్కుని, రాసిన రోజు మనమే తేదీ వేసుకోవడం నయం. అప్పుడు ఖాళీ రోజు కళ్ళబడదు.

నా కొలతల పుస్తకం ఇలా ఉంటుంది. ఎడమ పేజీలో కొలతలు: పొడవు, భుజం, ఛాతీ, నడుము, చంక, చెయ్యి పొడవు, చెయ్యి లూజు, ముందు మెడ, వెనక మెడ. ఈ వరస ఎప్పుడూ మార్చను. నిద్రమత్తులో ఉన్నా మూడో అంకె ఛాతీదేనని తెలియాలి. కుడి పేజీలో పని: గుడ్డ ముక్క ఒకటి సూదిపోటుతో కుట్టి పెడతాను, లైనింగ్ రంగు, ఇవ్వాల్సిన తేదీ, అడ్వాన్సు. దాని కింద ఒక్క వాక్యం తప్పనిసరి. "ఎడమ భుజం అర అంగుళం దిగి ఉంటుంది." "బిగుతు ఒప్పుకోరు." "మెడ లోతు అత్తగారి ముందు ఒకటి చెప్పింది, తర్వాత వచ్చి ఇంకోటి చెప్పింది, రెండోదే కుట్టాలి." ఆది జాకెట్టు, అంటే కొలతకని పాత జాకెట్టు, ఇచ్చి వెళ్ళేవాళ్ళే ఎక్కువ మా వైపు. ఆదిని బట్టి కుడితే ఆ జాకెట్టులో ఉన్న తప్పు కూడా దిగుతుంది. ఆ తప్పు ఎక్కడుందో నాకు ఈ ఒక్క వాక్యమే చెబుతుంది.

ఇక జ్ఞాపకాలు. వాటికని విడిగా పెట్టిన పుస్తకాలు రెండు, రెండూ పది పేజీలు దాటలేదు. జ్ఞాపకాలన్నీ ఈ కొలతల్లోనే చేరాయి. కిందటేడు ఫిబ్రవరిలో మా వీధి అమ్మాయి పెళ్ళి జాకెట్లు కుట్టాను. తీసుకోడానికి వాళ్ళమ్మ వచ్చినప్పుడు పాత పుస్తకాలు తీసి ఆ పిల్ల కొలతలు వరసగా చూపించాను. 2006లో ఐదేళ్ళ పిల్లకి సంక్రాంతి గౌను, భుజం 9½. పక్కనే నా రాత: "నిలబడదు, బెల్లం ముక్క ఇచ్చి కొలిచాను." 2013లో ఓణీల ఫంక్షను జాకెట్టు, 12. పెళ్ళికి 14. ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వేలితో ఆ అంకెలు తడుముతూ కూర్చుంది. "ఆయ్, బెల్లం సంగతి నాకే గుర్తులేదండి" అంది. జాకెట్లు కవరులో పెట్టి పక్కన ఉంచాను గానీ ఓ అరగంట వాటి జోలికే వెళ్ళలేదు. ఫొటోలు వాళ్ళింట్లో బోలెడు ఉన్నాయి. ఈ బెల్లం ముక్క ఏ ఫొటోలోనూ లేదు.

లేసుకి మాత్రం గళ్ళ పుస్తకం కావాలి, చిన్నపిల్లలు లెక్కలకి వాడేదే. నిండు గడి పెన్సిలుతో నల్లగా దిద్దితే దారంతో నింపాలని అర్థం, వదిలేస్తే కన్నం. నెమలి, మామిడి పిందె, పడవ, ఏదైనా ముందు గళ్ళలో గీస్తే అల్లకముందే తప్పు తెలిసిపోతుంది. తోక వంకర పోతే పెన్సిలు గీత చెరిపేస్తే సరి, అల్లాకైతే రెండు రోజుల పని విప్పాలి. గీసిన ప్రతి బొమ్మ కింద దారం నెంబరు, 20 గళ్ళకి ఎన్ని అంగుళాలు వచ్చిందో రాస్తాను. అది రాయని రోజుల్లో ఒకే బొమ్మ 20 నెంబరు దారంతో టేబులు క్లాతంత, 40 నెంబరుతో చేతిరుమాలంత వచ్చేది. నరసాపురం అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఎంతో సంతోషం. కానీ మా పెద్దవాళ్ళు వేసిన బొమ్మలు చాలావరకు చేతుల్లోంచి చేతుల్లోకే వచ్చాయి, కాగితం మీద లేవు. మా అత్తయ్యగారు పోయేముందు ఏడు అంచులు అల్లి చూపిస్తే గళ్ళలోకి ఎక్కించాను. ఎనిమిదోది అల్లలేకపోయారు. నోటితో చెప్పారు, నాకు సగమే అందింది. ఆ సగం గళ్ళు అలాగే ఉంచాను.

పుస్తకం ఎంచుకునేటప్పుడు మా ప్రాంతంవాళ్ళు ముందు వెన్ను చూడాలి. మధ్యలో పిన్ను కొట్టినవి వద్దు. ఉప్పుగాలికి, చెమ్మకి రెండు వానాకాలాల్లో పిన్ను తుప్పు పట్టి కాగితాన్ని కొరికేస్తుంది, నడిమి పేజీలు ఊడి చేతికొస్తాయి. దారంతో కుట్టిన బైండు పుస్తకానికి కాస్త ఎక్కువ పోసినా పర్వాలేదు. 2005లో కొన్న నా రెండో పుస్తకం వెన్ను ఇంకా గట్టిగానే ఉంది. గుడ్డ ముక్కల్ని పిన్నుతో కాకుండా దారంతో కుట్టేదీ ఇందుకే.

తర్వాత చూడాల్సింది రాసే సిరా. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటి, 25 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీళ్ళు కిందికొచ్చినప్పుడు మా ఇంట్లో మోకాలి కింద దాకా నీళ్ళు నిలిచాయి. బీరువా కింది అరలో పదకొండు పుస్తకాలు ఉన్నాయి. బాల్‌పెన్ను రాత ఉబ్బిన కాగితం మీద కూడా నిలబడింది. పెన్సిలు గీతలు చెక్కుచెదరలేదు. జెల్ పెన్నుతో రాసినవి సగానికి సగం అలికినట్టయ్యాయి. ఎండలో పెట్టిన మూడూ బెరడులా వంకర తిరిగాయి. మిగతావాటికి పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి, గంటగంటకీ మారుస్తూ ఫ్యాను కింద ఆరబెడితే తిన్నగా వచ్చాయి.

ఆ అరలోనే మా నాన్నగారి 1986 పద్దుల పుస్తకం ఉంది. ఆ ఏడాది ఆగస్టు గోదావరి మా పుట్టింటి మెట్లు ఎన్నెక్కిందో, ఏ వేళకి ఏ మెట్టు మునిగిందో రాత్రంతా మేలుకుని రాసుకున్నారు. రాసింది రాజమండ్రి రత్నం పెన్నుతో. గాంధీగారు 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారే, ఆ పెన్నే. పెన్ను ఈనాటికీ చక్కగా రాస్తుంది. అందులో పోసింది మాత్రం నీళ్ళకి కరిగే నీలి సిరా. వరద పుటలు తెరిచి చూస్తే లేత నీలం మడుగులు తప్ప అక్షరం లేదు. అంచుల్లో పెన్సిలుతో వేసుకున్న కొబ్బరి దింపుల లెక్కలు అలాగే ఉన్నాయి. ఏ దింపుకి ఎన్ని కాయలో ఇప్పటికీ చదవొచ్చు. ముందే ఆ నాలుగు పేజీలు బాల్‌పెన్నుతో నకలు రాసుకుని ఉండాల్సింది. నాకు నోటికొచ్చినవి రెండే వాక్యాలు, వాటిని నా 20వ పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. అప్పటినుంచి పుస్తకాలు అటక మీద రేకు పెట్టెలో ఉంటున్నాయి, చెదలకి వేపాకు వేసి.

ఫోను గురించి కూడా అడుగుతారు. గుర్తు చెయ్యడానికి మోగితే చాలు, అంతకుమించి దాన్ని నమ్మను. కొలిచేటప్పుడు ఒక చేతిలో టేపు, రెండో చేతిలో పెన్ను పడతాయి, ఫోను పట్టదు.

పుస్తకంలో పెద్ద లోపం వెతుకులాట. మొదటి నాలుగు పేజీలు వదిలి విషయసూచిక రాయడం, పేజీలకి అంకెలు వెయ్యడం ఆరో పుస్తకం నుంచే అలవాటైంది. ఒక పుస్తకంలో అయితే నిమిషంలో దొరుకుతుంది. 23 పుస్తకాల్లో ఫలానా ఆవిడ కొలత ఎక్కడుందంటే ఒక పూట పడుతుంది. ఇంటర్ చదివే మా పక్కింటి పిల్ల పేజీపేజీకీ ఫొటో తీసి పేర్ల పట్టిక చేస్తానంటే వేసవి సెలవుల్లో ఒక్కో పుస్తకమే ఇస్తూ వచ్చాను. తొమ్మిదో పుస్తకం దాకా అయింది. పోయినవాళ్ళ పేర్లు పట్టికలో ఉంచాలా అత్తా అని మొన్న అడిగింది, ఉంచమన్నాను.