నాయినకు ఏ ఎనిమా మేలు?

నాయినకు 74 ఏళ్లు. బీపీ ఉంది, కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్ కూడా కొంచెం ఎక్కువే. మొన్న మేలో, హన్మకొండ ఎండలు మండుతున్నప్పుడు, మూడు రోజులు మోషన్ కాక మంచానికీ బాత్రూంకీ తిరుగుడే. మా వాడకట్టు పెద్దమ్మ వచ్చి, "సబ్బు నీళ్లెక్కియ్యిర్రి, పావుగంటల కడుపు ఖాళీ అయితది" అన్నది. మెడికల్ షాపులో అడిగితే ఎనిమా సీసాలు రెండు చేతిలో పెట్టి, "ఒకటి పని చెయ్యకుంటే గంటాగి రెండోది" అన్నాడు.

సబ్బు నీళ్లు పని చెయ్యవని కాదు. పేగు లోపలి పొరను మండించి పని చేస్తాయి. ఒకప్పుడు కాన్పుకు ముందు దవాఖానల్లోనే ఇచ్చేవారు గనుక పెద్దవాళ్లకు ఆ నమ్మకం పోలేదు. పేగు వాచి నెత్తురు పడితే ఆ బాధ రోజుల తరబడి ఉంటుంది. ఇంట్లో వద్దే వద్దు. కాఫీ ఎనిమా, నిమ్మరసం ఎనిమా కూడా ఆ గాటన కట్టేయండి.

నాకు ఎక్కువ భయం సీసాతోనే. మూత తీసి పిండడమే కాబట్టి అన్నిటికన్నా సురక్షితం అనిపిస్తుంది. అందులో ఉండేది చాలావరకు సోడియం ఫాస్ఫేట్. మోషన్ కాక అది లోపలే నిలిచిపోతే ఫాస్ఫేట్ రక్తంలోకి చేరుతుంది, కాల్షియం పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. 24 గంటల్లో ఒకటికి మించి వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2014లో హెచ్చరించింది. 55 దాటినవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, మూత్రం ఎక్కువ వచ్చే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడక్కుండా ఆ ఒక్కటీ వాడొద్దు. రెండేళ్లలోపు పిల్లలకు అసలే ఇవ్వకూడదు. నాయినకు సరిపడనివన్నీ ఇందులోనే ఉన్నాయి. రెండు సీసాలూ తిరిగి ఇచ్చేశాను.

గొట్టం ఉన్న ఎనిమా డబ్బాతో ఎక్కించే నీళ్లు వీటికన్నా నయం. ఉత్త నీళ్లు మళ్లీ మళ్లీ ఎక్కిస్తే ఒంట్లో సోడియం తగ్గుతుంది. అందుకే అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు టీ చెంచాడు ఉప్పు, అదీ తలగొట్టి. మణికట్టు మీద పోసుకుంటే గోరువెచ్చగా తగలాలి. మనిషి ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి, గొట్టం కొనకు వాజ్‌లైన్ రాయాలి, డబ్బా మూరెడు ఎత్తు దాటొద్దు. కొన అడ్డుపడితే నెట్టకూడదు, పెద్దవాళ్లకు పేగు చిల్లు పడేది అక్కడే. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఇదీ డాక్టరు చెప్తేనే.

మేము చివరికి డాక్టరుకు ఫోన్ చేసి గ్లిజరిన్ సపోజిటరీ, అంటే మలద్వారంలో పెట్టే మందు బిళ్ల, వాడాం. చొక్కా జేబులో వేసుకొచ్చేసరికే ఎండకు మెత్తబడింది, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాల్సి వచ్చింది. నీళ్లతో తడిపి పెట్టాక అరగంటలో పనైంది. నా ఓటు దీనికే.

కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోయినా, వాంతులైనా, నెత్తురు పడినా ఇవేవీ ముట్టొద్దు. ఆటో ఎక్కించి ఎంజీఎంకో, దగ్గర్లోని దవాఖానకో తీసుకుపోవాలి.