సీనియర్ సిటిజన్ల కాలనీలో చలికాలం: అన్నీ బాగానే ఉన్నాయి, వేణ్నీళ్ల సంగతే చెప్పాలి

విజయవాడ, గుంటూరు మధ్య వెలిసిన రిటైర్మెంట్ కాలనీల గురించి ఎవరు రాసినా ఫ్లాటు కొలతలు, డిపాజిట్టు, నర్సు, అంబులెన్సు, భోజనం గురించే రాస్తారు. అవన్నీ బ్రోచర్లోనే దొరుకుతాయి. నేను రాసేది ఒక్క వేణ్నీళ్ల గురించి. ఇక్కడ చలికాలం సుఖంగా గడుస్తుందా లేదా అన్నది తెల్లవారుజామున నాలుగున్నరకి ఆ పంపు తిప్పినప్పుడు తేలిపోతుంది.

బెజవాడ చలి ఎంత, పద్దెనిమిది డిగ్రీలేగా అని అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లో నవ్వుతారు. వాళ్లకేం, ఇల్లంతా హీటర్లు. ఇక్కడ కాలు పెడితే జివ్వుమనే ఫ్లోరింగు, ఏడున్నర దాకా విడవని మంచు. ధనుర్మాసం పట్టిందంటే, అంటే డిసెంబరు 16 ప్రాంతం నుంచి భోగి దాకా, కాలనీలో సగంమంది నాలుగున్నరకే లేస్తారు. ఐదున్నరకి గుళ్లో తిరుప్పావై, తర్వాత దొన్నెలో పొంగలి. (చక్కెర పొంగలి ఎవరు తినకూడదో నర్సుకి తెలుసు, దొన్నె పట్టుకున్నవాళ్లకే గుర్తుండదు.) మొత్తానికి ఒక్క గంటలో బ్లాకంతా స్నానాలు కానివ్వాలి.

ముందు లెక్క చెప్తాను, ఎందుకంటే మేనేజ్‌మెంటు మొదట చెప్పే సాకు “సోలార్ చాలడం లేదండీ” అనే. మా బ్లాకులో నాలుగంతస్తులు, ఇరవైనాలుగు ఫ్లాట్లు, అటూ ఇటుగా నలభైమంది. మేడ మీద 2000 లీటర్ల సోలార్ ట్యాంకు. డిసెంబరులో మంచి ఎండ కాస్తే సాయంత్రానికి నీళ్లు 60 డిగ్రీల దాకా కాగుతాయి, తెల్లారేసరికి నాలుగైదు డిగ్రీలు దిగుతాయి. పెద్దవాళ్ల స్నానానికి రెండు బకెట్లు, అంటే 40 లీటర్లు, 40 డిగ్రీల వేడి చాలు. 56 డిగ్రీల వేణ్నీళ్లు, 24 డిగ్రీల చన్నీళ్లు సగం సగం కలిపితే సరిగ్గా ఆ వేడే వస్తుంది. మనిషికి 20 లీటర్ల వేణ్నీళ్లు, నలభైమందికి 800 లీటర్లు. ట్యాంకులో సగం కూడా ఖర్చవదు. కాబట్టి మామూలు రోజున నీళ్లు చాలలేదంటే తప్పు సోలార్‌ది కాదు, లైనుది.

కొత్తలో ఇక్కడి వేణ్నీళ్లను మెచ్చుకుంటూ నేనే నలుగురికీ చెప్పినమాట నిజమే. కాకపోతే అది బ్లాకు సగం ఖాళీగా ఉన్నప్పటి మాట. ఫ్లాట్లన్నీ నిండాక ఒక ధనుర్మాసంలో వరసగా తెల్లవారుజామున గోరువెచ్చటి నీళ్లు కూడా రాలేదు. పగలు ఎండ బ్రహ్మాండంగా కాసేది, సాయంత్రం ట్యాంకు ముట్టుకుంటే చుర్రుమనేది, రాత్రికి రాత్రి ఆ వేడంతా ఎటో పోయేది. మెయింటెనెన్సువాళ్లు సోలార్ ట్యూబులు తుడిచారు. తగ్గలేదు. ట్యాంకుకి కొత్త హీటర్ కాయిల్ వేశారు. కరెంటు బిల్లు పెరిగింది, నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంకో 500 లీటర్ల సోలార్ కొనాలని, ఫ్లాటుకి ఇంత అని నోటీసు బోర్డు మీద కాయితం కూడా అంటించారు.

అసలు జరిగింది ఇది. బాత్‌రూముల్లో చన్నీళ్లు ప్రెజర్ పంపు మీద, అంటే మోటారు తోస్తే వస్తాయి. వేణ్నీళ్లు మేడ మీది ట్యాంకు నుంచి సొంత బరువుతో దిగుతాయి. అంటే చన్నీళ్ల ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువే. మిక్సర్‌లో రెండు పిడులూ తెరిచి ఉంచి, చేతి షవర్‌కున్న బటన్ నొక్కి నీళ్లు ఆపారనుకోండి. బయటికి దారి లేదు, లోపల రెండు లైన్లూ కలిసే ఉన్నాయి. చన్నీళ్లు వేణ్నీళ్ల పైపులోకి తోసుకెళ్లి, అదే దారిన మేడ మీదికి ఎక్కి ట్యాంకులో పడతాయి. రాత్రంతా ఇదే పని. పడుకునే ముందు చేతి షవర్ బటన్ నొక్కి కొక్కేనికి తగిలించి పోయే అలవాటు ఒక్క ఫ్లాటులో ఉంటే చాలు, ఇరవైనాలుగు ఫ్లాట్లకీ తెల్లారి చన్నీళ్లే.

దీనికి గుర్తులు మూడు. అర్ధరాత్రి ఎవరూ వాడకపోయినా ప్రెజర్ పంపు ఆగి ఆగి మోగుతుంటుంది. మేడ మీద సోలార్ ట్యాంకు ఎయిర్ వెంట్ పైపులోంచి నీళ్లు కారి, పొద్దున్నే కింద తడిమరక కనిపిస్తుంది. పైపులు దిగే షాఫ్టులో ఒక్క ఫ్లాటుకి వెళ్లే వేణ్నీళ్ల పైపు ముక్క మిగతావాటికన్నా చల్లగా తగులుతుంది. పరీక్ష ఇంకా సులువు. సోలార్ ట్యాంకు నుంచి కిందికి దిగే వేణ్నీళ్ల గేటు వాల్వు కట్టేసి, ఏదో ఒక ఫ్లాటులో వేణ్నీళ్ల పంపు తిప్పాలి. పైపులో మిగిలిన నీళ్లు కాసేపు కారి ఆగిపోవాలి. ఆగకుండా ధారగా వస్తూనే ఉంటే చన్నీళ్లు ఎక్కడో అడ్డదారిన వస్తున్నట్టే. ఆ తర్వాత ఒక్కో ఫ్లాటు వేణ్నీళ్ల యాంగిల్ కాక్ (గోడ దగ్గరుండే చిన్న వాల్వు) కట్టుకుంటూ పోతే, ఏది కట్టినప్పుడు ధార ఆగుతుందో అదే దొంగ. ఇదంతా తేల్చింది కాలనీ ఇంజనీరు కాదు, వంటింటి సింకు బాగుచెయ్యడానికి గుంటూరు నుంచి వచ్చిన ప్లంబరు. రెండు పూటల పని. కాలనీ ఆయనకి ఎంతిచ్చిందో తెలియదు గానీ, బోర్డు మీది ఆ కాయితం మాత్రం మెల్లగా మాయమైంది.

మందు కూడా ఉంది: ప్రతి ఫ్లాటులో వేణ్నీళ్ల లైను మీద నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీళ్లను ఒక్క వైపుకే వదిలేది. ఇక్కడ కూడా మొదట తప్పు రకం తెచ్చారు. స్ప్రింగు ఉండే రకం తెరుచుకోవడానికి కొంత ఒత్తిడి కావాలి. నాలుగో అంతస్తులో ట్యాంకుకీ బాత్‌రూము కుళాయికీ మధ్య ఎత్తు మూడు నాలుగు మీటర్లే, ఆ ఒత్తిడికి స్ప్రింగు సరిగా లొంగదు. కింది అంతస్తుల్లో నీళ్లు బాగానే వచ్చాయి, పైవాళ్లకి దారప్పోగులా సన్నగా. తర్వాత రేకు తలుపు ఉండే రకం వేశారు. దాన్ని అడ్డంగా వెళ్లే ముక్క మీదే బిగించాలి. నీళ్లు కిందికి దిగే పైపు మీద బిగిస్తే రేకు వేలాడిపోయి మూసుకోదు, పెట్టినా పెట్టనట్టే. పైగా మన బోరునీళ్లకి రేకు అంచున సుద్ద పేరుకుంటుంది. ఏటా దీపావళి వెళ్లాక ఒకసారి విప్పి తుడవకపోతే ధనుర్మాసానికి మళ్లీ మొదటికొస్తుంది. మా దగ్గర ఒక్కోసారి తుడుస్తారు, ఒక్కోసారి గుర్తు చేయించుకుంటారు.

రెండో తలనొప్పి రిటర్న్ లైను, అంటే లైనులోని నీళ్లను తిరిగి ట్యాంకుకి తెచ్చే పైపు. ట్యాంకు నుంచి చివరి ఫ్లాటుకి 40 మీటర్ల పైపు ఉందనుకుంటే, అంగుళం సైజు సీపీవీసీ (వేణ్నీళ్లకి వాడే ప్లాస్టిక్ పైపు)లో దాదాపు ఒక బకెట్టు నీళ్లు నిలబడి ఉంటాయి. రాత్రంతా చల్లారిన ఆ బకెట్టు వదిలితే గానీ వేడి రాదు. అది తప్పించడానికే చిన్న మోటారు పంపు పెట్టి నీళ్లను లైనులో తిప్పుతారు. ఇరవైనాలుగు గంటలూ తిప్పితే ట్యాంకే చల్లారిపోతుంది కాబట్టి టైమరు పెట్టారు, నాలుగు నుంచి ఏడున్నర దాకా. ఆ టైమరు ముల్లు తిరిగే పాతరకం. పగలు గంటసేపు కరెంటు పోతే గడియారం గంట వెనకబడుతుంది, మర్నాడు వేణ్నీళ్లు ఐదింటికి తయారు. వాచ్‌మన్ చూసి సరిచేసే రోజూ ఉంటుంది, చెయ్యని రోజూ ఉంటుంది. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు వేస్తే తీరిపోయేదానికి ఎన్ని మీటింగులో.

ముసురు పట్టిన రోజుల్లో బ్యాకప్ హీటరే గతి. మన వైపు డిసెంబరులో కూడా తుఫాన్లు వస్తాయి. మిచాంగ్ 2023 డిసెంబరు 5నే కదా బాపట్ల దగ్గర తీరం దాటింది. 2000 లీటర్ల నీళ్లు 25 నుంచి 50 డిగ్రీలకి కాగాలంటే 58 యూనిట్లు కావాలి. మా 12 కిలోవాట్ల హీటరుకి దాదాపు ఐదు గంటల పని. రాత్రి పదకొండున్నరకి స్విచ్ వెయ్యాలి. తెల్లవారి నాలుగింటికి వేస్తే తొమ్మిదింటికి కాగుతాయి, అప్పటికి ఎవరికి కావాలి? కాయిల్ మీద సుద్ద పెచ్చు కడితే ఇంకా ఆలస్యం, చివరికి కాయిలే కాలిపోతుంది. నీళ్లలో సుద్ద తీసేసే సాఫ్ట్‌నర్ పెట్టాక పెచ్చు తగ్గింది. అయితే సాఫ్ట్‌నర్ నీళ్లతో సబ్బు ఎంత కడిగినా ఇంకా ఒంటికి జారుతున్నట్టే ఉంటుంది. అది సబ్బు వదలక కాదు, ఆ నీళ్ల తీరే అంత. తెలియనివాళ్లు ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసుకుంటారు.

చాలామంది పట్టించుకోనిది మధ్యాహ్నపు వేడి. చలికాలమే కదా అని రెండింటికి చెయ్యి కడుక్కోబోతే అప్పుడు లైనులో 60 డిగ్రీలు ఉండొచ్చు. అంత వేడి కొద్ది సెకన్లు తగిలితేనే ముసలి చర్మం బొబ్బలెక్కుతుంది. షుగరు ఉండి కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లకి కాలినట్టు కూడా తెలియదు. బకెట్టులో ముందు చన్నీళ్లు పట్టి తర్వాత వేణ్నీళ్లు కలపాలి, వేడి చూసేది మోచేత్తో, పాదంతో కాదు. ట్యాంకు వేడే తగ్గించమని అడిగేవాళ్లున్నారు. అది మంచిది కాదు, గోరువెచ్చగా నిలవున్న నీళ్లలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. ట్యాంకులో 60 ఉండనిచ్చి, బాత్‌రూము దగ్గర వేడి తగ్గించే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు పెట్టడం సరైన పద్ధతి. మా దగ్గర అది నర్సింగ్ వింగులో మాత్రమే ఉంది, మిగతా ఫ్లాట్లకి ఖర్చెక్కువన్నారు. ఇంకో సంగతి, వేణ్నీళ్ల స్నానం కాగానే బీపీ కాస్త పడుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు స్టూలు మీంచి దిగ్గున లేవకూడదు. చలికాలం ఒళ్లు పగులుతుందని నువ్వులనూనె రాసుకునేవాళ్లు నేల కూడా చూసుకోవాలి. టైల్సు జారనివే వేశారు, కానీ నూనె పడితే అన్నీ ఒకటే.

ఇక మెచ్చుకోవాల్సింది భోగి. ఆ పొద్దున నా లెక్కంతా తప్పుతుంది. పిల్లలు, మనవలు దిగుతారు, నలభైమంది ఎనభై అవుతారు, తలంటుకి మనిషికి నాలుగు బకెట్లు. వేణ్నీళ్లే 3000 లీటర్లు దాటతాయి, ఏ సోలారూ ఆగదు. ఇది ముందే తెలిసిన వంటింటివాళ్లు మంటలకి తెచ్చిన కట్టెల్లోంచి కొన్ని పక్కన పెట్టి, వెనక పెద్ద రాగి కాగు పొయ్యి మీదకి ఎక్కిస్తారు. మూడున్నరకే మరుగుతుంది. నడవలేనివాళ్ల గుమ్మం ముందుకి బకెట్టు తెచ్చి, “బామ్మగారూ, సగమే పోశానండీ, చన్నీళ్లు మీరు కలుపుకోండి” అని చెప్పి మరీ పెట్టి వెళ్తారు. నిండు బకెట్టు మోస్తే తొణికి కాళ్లు కాలతాయని వాళ్లకి ఎవరూ నేర్పలేదు. బ్రోచర్లో ఈ ముక్క లేదు. సంక్రాంతికి కాలనీ వదిలి పిల్లల దగ్గరికి వెళ్లాలనిపించకపోవడానికి నాకు ఇదొక కారణం.

మిగతా చలికాలపు సంగతులు: రాత్రి భోజనం ఏడింటికే పెట్టేస్తారు, మిరియాల చారు వేడిగా ఉంటుంది. మంచు రోజుల్లో వాకింగు ట్రాకు ఏడున్నర తర్వాతే తెరుస్తారు, అది మంచిదే. దోమలు ఉన్నాయి, వల కట్టుకోవాల్సిందే.

చేరాలా వద్దా అంటే, ఎనిమిదింటికి తీరిగ్గా స్నానం చేసేవాళ్లకి పైన చెప్పిన వాటిలో సగం బాధలు తగలవు, వాళ్లు నిశ్చింతగా చేరొచ్చు. నాది రెండో అంతస్తు కాబట్టి నాకు ధార బాగానే వస్తుంది, నాలుగో అంతస్తువాళ్లని అడిగితే వేరే మాట చెప్తారేమో. ఫ్లాటులో సొంత గీజర్‌కి 15 ఆంపియర్ల ప్లగ్గు ఇస్తామంటే పై అంతస్తు తీసుకున్నా పర్వాలేదు. అమ్మానాన్నల కోసం చూస్తున్నవాళ్లు మాత్రం ఏప్రిల్లో వచ్చి చూడకండి. ధనుర్మాసంలో గెస్టురూములో ఒక రాత్రి ఉండి, నాలుగున్నరకి పంపు తిప్పి, వేడి రావడానికి ఎన్ని మగ్గులు వదలాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. గెస్టురూము కింది అంతస్తులో ఇస్తారు, పైదాన్ని అడిగి తీసుకోండి.