పన్నెండేళ్లు వాడిన ఎక్స్-రే డిఫ్రాక్టోమీటర్: ఆగిపోయిన రోజులతో కలిపి

మా ప్రయోగశాలలోని పౌడర్ డిఫ్రాక్టోమీటర్ (పొడి నమూనా మీద ఎక్స్-కిరణాలు వేసి అందులోని పదార్థాలను గుర్తించే యంత్రం) బాధ్యత పన్నెండేళ్లుగా నాదే. కొత్తలో అది ఆగిన ప్రతిసారీ అనుమానం ఎక్స్-రే ట్యూబు మీదికే పోయేది. తీరా చూస్తే ఎక్కువసార్లు తప్పు ట్యూబును చల్లబరిచే నీళ్లది. 40 కిలోవోల్టులు, 40 మిల్లీఆంపియర్ల దగ్గర ట్యూబులోకి 1,600 వాట్లు వెళ్తాయి. అందులో ఒక శాతం కూడా ఎక్స్-కిరణాలుగా మారదు. మిగతాదంతా ట్యూబులో ఎలక్ట్రాన్లు తగిలే రాగి ఆనోడును మండించే వేడి. ఆ నీటిని చల్లబరిచే చిల్లర్ ఫిల్టర్‌లో నాచు పేరుకుంటే నీటి ప్రవాహం తగ్గుతుంది, ఫ్లో స్విచ్ హై వోల్టేజీని ఆపేస్తుంది. తెర మీద మాత్రం 'జనరేటర్ లోపం' అని వస్తుంది. ఆ మాటను నమ్మి మొదటి ఏడాది పోగొట్టుకున్న రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధే. ఇప్పుడు యంత్రం ఆగితే ముందు ఫిల్టర్ విప్పుతాం.

ట్యూబు సంగతి వేరు. అది ఒక్కసారిగా పోవడం అరుదు, మెల్లగా ముసలిదవుతుంది. ఎలక్ట్రాన్లను వెలువరించే వేడి తీగ, అంటే ఫిలమెంటులోని టంగ్‌స్టన్ ఆవిరై ఆనోడు మీద పొరలా చేరుతుంది. ఒకసారి ఒక పరిశోధక విద్యార్థిని తన నమూనాలో కొత్త పదార్థం దొరికిందని ఎంతో సంతోషంగా వచ్చింది. నాకు సందేహం కలిగి ప్రామాణిక సిలికాన్ పెట్టి చూశాను. 28.44 డిగ్రీల కోణం దగ్గర రావలసిన సిలికాన్ పీక్‌కు (గ్రాఫులో కిరణాల తీవ్రత ఎగసే చోటు) ముందు, 27.2 దగ్గర, ఉండకూడని చిన్న పీక్ కనిపించింది. అది ఆనోడు మీద చేరిన టంగ్‌స్టన్ నుంచి వచ్చే కిరణాల పని, కొత్త పదార్థం కాదు. ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను. అప్పటి నుంచి ప్రతి సోమవారం సిలికాన్ కొలిచి, పీక్ స్థానాన్నీ తీవ్రతనూ పుస్తకంలో రాస్తున్నాం. మా దగ్గరున్న అత్యంత విలువైన పరికరం ఆ పుస్తకమే అంటాను.

కిరణాలు వెలువడుతున్నాయని చెప్పే హెచ్చరిక దీపం మాడిపోయినా యంత్రం కిరణాలను ఆపేస్తుంది. ఒక చిన్న బల్బు కోసం రెండు రోజులు పని ఆగినప్పుడు, వైరు కలిపేసి నడిపిద్దామన్నారు కొందరు. ఒప్పుకోలేదు. ఆ దీపం మనుషుల కోసం పెట్టింది. అప్పటి నుంచి బల్బులు, ఫ్యూజులు, నీటి గొట్టాలు అదనంగా తెచ్చి బీరువాలో ఉంచుతున్నాను.

కోణాలను కొలుస్తూ తిరిగే భాగం, గోనియోమీటర్‌కు మాత్రం పూర్తి మార్కులు. ఇన్నేళ్లలో దాని అమరిక చెదరలేదు. కంప్యూటర్ విషయంలోనే నాకు కోపం. నియంత్రణ సాఫ్ట్‌వేర్ పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద తప్ప నడవదు. హార్డ్ డిస్క్ పోయిన రోజు, అంతకుముందే తీసిపెట్టుకున్న నకలు లేకపోతే మంచి యంత్రం మూలపడేది. కొనబోయేవారు ధర మాట్లాడేటప్పుడే సర్వీసు మాన్యువల్, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్ డిస్కులు రాతపూర్వకంగా అడగండి. మేము అడగలేదు.